మూత గట్టి డబ్బాలు

నాలెక్క బేరమాడేటోడు నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మనిషికో స్టీలు టిఫిను డబ్బా పెట్టి ఒక బ్యాంకు సభ్యులందరి నోళ్లు కొన్నోణ్ని. బతుకంత కిరాణం కొట్ల కూసున్న మా నాయిన సుత ఇంత చౌకగ ఏదీ కొనలేదు. ఈ గొప్ప ఇన్నేండ్లు ఎవరికీ చెప్పుకోలే. తూకపు రాయిని రొమ్ము మీద పెట్టుకొని తిరుగుతున్న. మీరెవరో నాకు తెల్వదు, అందుకే మీకు చెప్తున్న.

తెలంగాణ వచ్చిన కొత్తల. మాది చిన్న సహకార బ్యాంకు, దుకాణదార్లమే డైరెక్టర్లం. బ్యాంకు నడిచేది నా బిల్డింగుల. చైర్మన్ తన బామ్మర్ది రైస్‌మిల్లుకు పెద్ద అప్పు ఇప్పిచ్చిండు. మిల్లు మూతబడ్డది. పాత అప్పు కట్టినట్టు చూపెట్టనీకె కొత్త అప్పిద్దామన్నడు. నేను సరేనని చెయ్యెత్తిన. ఎందుకెత్తిన? బ్యాంకు నాకిచ్చే కిరాయి పెంచుతనన్నడు. గంతే. ఇంతకంటె పెద్ద కారణం ఏదన్న ఉంటె బాగుండని ఎన్నిసార్లు వెతుక్కున్ననో.

ఏడాదికోసారి సభ్యులందరి సభ ఉంటది. లెక్కలు చదివి వినిపియ్యాలె, అడిగినోళ్లకు జవాబు చెప్పాలె. ఆ ఏడు ఆడిటరు పట్టిన తప్పులు చదవక తప్పలే. చైర్మన్‌కు చెమటలు పట్టినయి. ఉపాయం నాదే. ఎప్పుడైనా సభ్యులకు కానుకగ ఇచ్చే డబ్బాలు సభ అయినంక పంచేది. ఆనాడు చదివేటప్పుడే గేటు కాడ పంచిపిచ్చిన. మైకుల తప్పులు, గేటు కాడ తోపులాట, కుర్చీలన్నీ ఖాళీ. వినకుండ లైన్ల నిలబడ్డోళ్లను తలుచుకుంటె నాకిప్పటికీ మంటే. కానీ లైను కట్టిచ్చింది నేనే గద, ఆ మంట తిరిగి తిరిగి నా మీదికే వస్తది.

గొర్లు కాసే మల్లయ్య భార్య యాదమ్మ డబ్బా పట్టుకొని నా దగ్గరికొచ్చింది. మల్లయ్య కాలి పుండు ఆపరేషన్‌కని మంద అమ్మిన పైసలు మా కాడనే వేసింది.

"అన్నా, గా లొల్లిల ఏం చదివిండ్రో ఇనరాలే. మా పైసలు పైలమేనా?"

"డబ్బా మూత గుంజి చూడు."

గుంజింది. రాలే.

"మా బ్యాంకు గట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు పో."

"నువ్వు చెప్పినంక ఇంకేంది అన్నా," అని నవ్వుకుంట పోయింది.

మరుసటి వారమే నా డిపాజిట్ మొత్తం తీసుకున్న. ఎవరికీ చెప్పలే. కొన్నాళ్లకు పైనుంచి అధికారులొచ్చి పైసలు తియ్యకుండ ఆపిండ్రు. ఊరంత బామ్మర్దిని తిట్టింది. నేను అందరికంటె గట్టిగ తిట్టిన, నష్టపోయినోని మొహం పెట్టి. థూ, ఏం మొహం! మిల్లుతోటి చచ్చిందా మా బ్యాంకు? అడగాల్సినోళ్లను డబ్బాల లైన్లకు తోలిననాడే దాని ఊపిరి ఆగింది. యాదమ్మకు ఒక్క మాట చెప్తే ఆమె పైసలు ఆమెకు దక్కేటివి. నోరెందుకు రాలే? ఆమె తీస్తె ఇంకొకరు తీస్తరు, అందరు తీస్తె నా వంతుకు ఉండవని. నావి తీసినంక, కిరాయి ఆగుతదని. దుకాణపు బుద్ధి.

బ్యాంకు మునిగితే వచ్చే ఇన్సూరెన్సు పైసలు యాదమ్మోళ్ల చేతికొచ్చేసరికి మల్లయ్య పుండు ముదిరింది. నల్లగొండల దవాఖాన కాడ యాదమ్మ కనపడ్డది. చేతుల అదే డబ్బా, మూత మీద మా బ్యాంకు పేరు. "బాగున్నవా అన్నా? నీవి సుత పోయె గద," అన్నది. నాకు ఆమెనే ఓదార్పు చెప్పింది. నేను తలూపిన.

ఇగ బిల్లు. నాకు ముట్టింది: అసలు, వడ్డీ, బ్యాంకు బతికినన్నాళ్లు పెరిగిన కిరాయి. మల్లయ్య కట్టింది: మోకాలి కాడికి ఒక కాలు. దీంట్ల తగ్గింపు అడగను.