మహాదేవుని గుట్టకు బిగించిన కారు

ఆ రోజుల్లో ఊళ్లు ఉన్నచోటే ఉండేవి, రాష్ట్రాలే కదిలేవి. చంద్రాపూర్‌ను అప్పుడు చాందా అనేవాళ్లం. నాగపూర్‌లో ఉన్న మా రాజధాని బొంబాయికి పోయింది. నదికి అవతల నిజాం ఇలాకాలో ఉండిన రాజూరా చుట్టాలు గడప దాటకుండానే మా రాష్ట్రంలోకి వచ్చేశారు. శివరాత్రికి మా వైపు జనమంతా త్రిశూలాలు మోసుకుని పోయే పచ్‌మఢీ మహాదేవుడు మాత్రం గుట్టతో సహా పక్క రాష్ట్రంలో ఉండిపోయాడు. ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటూ పెరిగిన నాకు ఇదంతా తమాషాగా ఉండేది. అమ్మమ్మకు మాత్రం గుండెలో రాయి పడింది. ఎందుకంటే అంతకుముందు నాకు విషజ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు, పిల్ల లేచి తిరిగితే నీ గుహలో త్రిశూలం నిలబెడతానని ఆమె ఆ మహాదేవునికే మొక్కుకుంది. ఆయన దయవల్ల నేను లేచి తిరిగాను (తిరగడమే కాదు, ఇంటిల్లిపాది జొన్నరొట్టెలూ నేనే తింటున్నానని పేరు కూడా తెచ్చుకున్నాను). తీరా ఆమెకే మోకాళ్లు పట్టేశాయి. కమ్మరి చేసిచ్చిన త్రిశూలం పసుపు రాసుకుని, దేవుని మూలలో ఎదురుచూస్తూ నిలబడింది.

"ఇంక సరిహద్దుల గేటు పెడ్తరంట. కాయితం చూపియ్యమంటే నేనేం చూపియ్యాలె? మొక్కిన్నాడు ఆయన మనోడే కదా! ఈ శివరాత్రికే పోవాలె" అని అమ్మమ్మ పట్టుబట్టింది. రైళ్లు మారి, బస్సులెక్కి పోయే ఓపిక ఆమెకు లేదు. అప్పుడు మా పంకా మామ ఛాతీ విరుచుకుని, "అవ్వా, నిన్ను నేను కార్ల తీస్కపోత" అన్నాడు. మా అత్త చేతిలోని గరిటె కింద పడింది.

పంకా మామ అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు, నాకు మేనమామ. బాబుపేటలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న బొగ్గుగనిలో, పైనుంచి గనిలోకి గాలి తోలే పెద్ద పంకా దగ్గర పని. ఆ పంకాకు ఒక నియమం ఉంది: లోపల మనుషులున్నంతసేపు దాన్ని ముట్టుకోకూడదు. ఎక్కువ చేయాలన్నా తక్కువ చేయాలన్నా అందరూ పైకి వచ్చాకే. నియమం మంచిదే, ఎందరి ప్రాణాలనో కాచింది కూడా. కానీ మామ దాన్ని ఇంటికి కూడా తెచ్చాడు. మేం తింటుండగా పొయ్యి ఎగదోయకూడదు. మేం పడుకున్నాక విసనకర్ర చెయ్యి మారకూడదు. (వేసవిలో అత్త చెయ్యి పడిపోయేది, ఆయన నియమం మాత్రం పడిపోయేది కాదు.)

ఇక కారు. ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఒక దొర షెడ్డులో వదిలేసిన పాత బండి అది. "నడిపించుకోగలిగితే నీదే" అని షెడ్డు సేటు అన్న మాటను మామ వరంగా తీసుకున్నాడు. దాని ముక్కు ముందు పెద్ద గుమ్మడికాయంత సూపర్‌ఛార్జర్ ఉండేది. మేం బ్లోయరు అనేవాళ్లం. ఇంజను తిరుగుతుంటే బెల్టుతో అదీ తిరిగి, ఇంజను నోట్లో గాలి కుక్కుతుంది. ఎంత కుక్కుతోందో చూపించడానికి మామ ముందర ఒక ముల్లు గడియారం, దాంట్లో ఇది దాటొద్దని ఒక ఎర్ర గీత. పంకా మనిషి చేతికి పంకా ఉన్న కారు దొరికింది. ఇంక ఆయన్ను పట్టేవాళ్లెవరు?

ప్రయాణానికి ముందు మామ గని ఖరాదు మిషను మీద ఇనుము చెక్కి, బ్లోయరుకు బెల్టు తిప్పే పెద్ద చక్రానికి బదులు ఒక చిన్న పుల్లీ తయారు చేసుకొచ్చి మా అందరికీ చూపించాడు. "గుట్ట మీద గాలి పల్సగుంటది అవ్వా. మనకు ఆయాసం రాదా? ఇంజనుకు గూడ గంతే. గీ చిన్న పుల్లీ ఏస్తే బ్లోయరు ఇంక జోరుగ తిరుగుతది. గుట్ట మీద గూడ కడుపునిండ గాలి."

"మరి కింద?" అంది అత్త.

"కింద జర ఎక్కువైతది."

"ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఏమైతది, జోరుగ పోతది!"

అత్త ఆయనతో నేరుగా వాదించేది కాదు. నా వైపు తిరిగి, "పిల్లా, కడుపు నిండినోని నోట్ల ఇంక కుక్కితే ఏమైతదో పెండ్లి బంతుల చూస్తలేమా? మీ మామకు జర చెప్పు. గుట్ట కాడికి పోయినంక ఏసుకోమను" అంది. మామ నా వైపే తిరిగి, "లోపల మనుషులుండంగ పంకా ముట్టద్దు. పంకా సంగతి మనుషులు గనిల దిగకముందే చూసుకోవాలె. మీ అత్తకు జర చెప్పు" అన్నాడు. ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ వినలేదు.

అలా ఎత్తయిన గుట్ట కోసం బిగించిన కారు చాందా బయలులో బయలుదేరింది. త్రిశూలాన్ని ముందు అద్దానికి కట్టాం. అత్తా నేనూ వెనక, అమ్మమ్మ మామ పక్కన. విప్పి తీసిన పాత పెద్ద పుల్లీ, పానాలు ఉన్న పెట్టె అమ్మమ్మ సీటు కింద. మామ కాలు నొక్కగానే ముల్లు ఎర్ర గీతను దాటి పోయింది, కారు కోడెలా ఎగిరింది, ఇంజనులోంచి రోట్లో గులకరాళ్లు పోసి దంచుతున్న చప్పుడు మొదలైంది. వరోరా చేరకముందే ముక్కులోంచి ఆవిరి పొంగింది. కాలు తీస్తే చప్పుడు తగ్గేది, కానీ కాలు తీయడం మామకు నామోషీ.

ఒక ఊరి బావి దగ్గర ఆగాం. ముందు త్రిశూలం, వెనక ధూపంలా ఆవిరి, లోపల డప్పులు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి, "కోణ్‌త్యా దేవాచా రథ్ ఆహే, ఆజీ?" అని భక్తిగా అడిగారు. ఏ దేవుని రథమమ్మా అని. అమ్మమ్మ తడుముకోకుండా "మహాదేవాచా" అంది. అంతే, బిందెలకు బిందెలు నీళ్లు, కొంగుల్లోంచి కుంకుమ, ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. కొబ్బరినీళ్లు రేడియేటరులో పోయబోతుంటే మామ అడ్డుపడ్డాడు. "చూసినవా బిడ్డా, అడగకముందే నీళ్లు. ఆయన పంపిస్తుండు" అంది అమ్మమ్మ. నేను ఆ తల్లులకు మనసులోనే మొక్కుకున్నాను. ఈనాటికీ ఆ ఊరి పేరు తెలియదు, ఆ నీళ్ల చల్లదనం మాత్రం గుర్తుంది.

ఆగిన ప్రతిచోటా అత్తది ఒకటే మాట, "పెద్ద పుల్లీ ఏసుకోమను పిల్లా." మామదీ ఒకటే మాట, "అవ్వ లోపలున్నది. ఎట్ల ముట్టాలె?" నిజమే, అమ్మమ్మ ఎక్కడా దిగలేదు. మోకాళ్లు నొస్తున్నాయంది. నాగపూర్ సత్రంలో మేం చాపలు పరుచుకుంటే, ఎక్కి దిగడం తన వల్ల కాదని దుప్పటి కప్పుకుని ఆ పెట్టె మీది సీటులోనే ఒరిగింది.

మర్నాడు సరిహద్దు వచ్చింది. గేటూ లేదు, కాయితమూ లేదు, మేకలు మాత్రం అడ్డొచ్చాయి. అది దాటాక, సౌంసర్ వైపు నారింజ తోటల దగ్గర కారు ఎంతగా పొంగిందంటే మామ ముఖం కూడా పాలిపోయింది. స్టీరింగు మీద తల ఆనించి, "ఇంజను పగిలేటట్టున్నది అవ్వా. రేపే శివరాత్రి. నీ మొక్కు నా పాలబడి ఆగిపోతదా ఏంది?" అన్నాడు. అమ్మమ్మ కొంగుతో అతని చెమట తుడిచి, "చల్లారనియ్యి. చల్లారినంక నడుపు. నువ్వు బిగించింది గుట్ట కోసం కదరా, గుట్టను రానియ్యి" అంది.

ఘాట్ రోడ్డు మొదలైంది. మలుపు మీద మలుపు. నేను కళ్లు మూసుకుని శివనామం చెప్పుకుంటున్నాను (ఇంజను దంచుడుకు సరిగ్గా తాళం కుదిరింది కూడా). ఛింద్వాడా దాటి మరిన్ని గుట్టలు ఎక్కుతుంటే ఉన్నట్టుండి తాళం తప్పింది. చప్పుడు లేదు. "ఆగిపాయెనా?" అని అత్త అరిచింది. మామ కూడా ఆగిపోయిందనే అనుకుని బ్రేకు నొక్కబోయాడు. చూస్తే కారు పోతూనే ఉంది! నిండు కుండ మోసే మనిషిలా, నెమ్మదిగా, మెత్తగా. ముల్లు దిగొచ్చి ఎర్ర గీత మీద బుద్ధిగా కూర్చుంది. గాలి పలచబడేసరికి ఎక్కువైనదంతా సరిపోయింది. "నేను జెప్పలే! నేను జెప్పలే!" అని మామ గుట్ట పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. బస్సులు మూలుగుతూ ఎక్కుతుంటే మేం వాటిని దాటుకుంటూ పోయాం. "మహాదేవుడు శాంతింపజేసిండు" అంది అమ్మమ్మ. ఇద్దరి మాటా నిజమేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

శివరాత్రి పొద్దున మామ వాళ్లమ్మను వీపు మీద ఎక్కించుకుని గుహలోకి తీసుకెళ్లాడు. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు రాలుతున్నాయి. అమ్మమ్మ నా చెయ్యి త్రిశూలం మీద పెట్టించి, తన చెయ్యి నా చేతి మీద పెట్టి, తక్కిన త్రిశూలాల నడుమ నిలబెట్టింది. ఏమీ అడగలేదు. "ఇచ్చినవు, తెచ్చిన" అంది, అంతే. ఆ రెండు మాటలకు మించిన ప్రార్థన నేను తర్వాత ఎక్కడా వినలేదు.

తిరుగు ప్రయాణంలో, అంత బాగా నడుస్తున్నదాన్ని ముట్టబుద్ధి కాక మామ చిన్న పుల్లీతోనే గుట్ట దిగాడు. నారింజ తోటలు రాగానే రోటి చప్పుడు మళ్లీ మొదలైంది. అత్త నా వైపు తిరగబోతుండగానే అమ్మమ్మ, "ఆపు కొడుకా" అంది. కారు ఆగింది. ఆమె తలుపు తీసుకుని, ఎవరి చెయ్యీ పట్టకుండా, టక్కున దిగి, చెట్టు నీడకు పోయి కూర్చుని, "అందరు దిగుండ్రి. ఇగ లోపల ఎవ్వరు లేరు. పంకా మార్చుకో" అంది. మామ ఆమె సీటు కింది పెట్టెలోంచి పానాలు తీశాడు. మేం నారింజలు ఒలుచుకుంటూ కూర్చున్నాం.

"అత్తమ్మా, గీ పని పోయేటప్పుడే చెయ్యకపోతివి! ఎంత గోస పడితిమి!" అంది అత్త.

అమ్మమ్మ బానెట్టు కింద ఈల వేసుకుంటున్న కొడుకును చూస్తూ గొంతు తగ్గించింది. "నేను దిగితే మీరు వాన్ని సతాయించి మార్పించేటోళ్లు. వాడు గుట్ట కోసమని ఎంత మురిపెంగ చేసిండు! దేవుని దగ్గరికి పోతూ పోతూ వాని మనసు ఇరగ్గొడ్తమా?"

పెద్ద పుల్లీతో కారు చాందా దాకా గుక్కెడు నీళ్లు అడగకుండా వచ్చింది. బావి ఊళ్లో ఆడవాళ్లు గుర్తుపట్టి బిందెలతో పరుగెత్తుకొచ్చారు కానీ, ఆవిరి లేని రథాన్ని చూసి కాస్త నిరాశపడ్డారు.

ఇప్పుడు నాకూ అమ్మమ్మ మోకాళ్లే వచ్చాయి. ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక చిన్న పుల్లీ బిగించుకుని మురిసిపోతుంటారు, మిగతావాళ్లు విప్పించాలని చూస్తుంటారు. అలాంటప్పుడు నేను అమ్మమ్మలా పెట్టె మీద గట్టిగా కూర్చుని, "లేవలేనమ్మా, మోకాళ్లు" అంటాను. దేవుని దయవల్ల అవి సరిగ్గా అవసరమైన రోజునే నొస్తున్నాయి.