కస్టమ్స్‌లో ఆగిన సినిమా

అబుదాబిలో దిగిన రోజే నన్ను వెనక్కి పంపించేస్తారనుకున్నాను. ఎనభైల మొదట్లో సంగతి. నర్సు ఉద్యోగానికి వచ్చాను. విమానంలో నా పక్కన కూర్చున్న ఫ్రెంచి ముసలావిడ, అక్కడున్న కూతురి దగ్గరికి వెళుతోంది. మోకాళ్ల నొప్పితో నడవలేకపోతుంటే ఆవిడ సంచీ నేను పట్టుకున్నాను. కస్టమ్స్ అధికారి అందులోంచి వీడియో కేసెట్ బయటికి తీశాడు.

"యే క్యా హై?" అన్నాడు నాతో.

నా వెనక నిలబడ్డ కరీంనగర్ ఆయన గొంతు తగ్గించి, "నీది కాదని చెప్పు చెల్లే. గలీజు సిన్మా అయితే నీ వీసా ఖలాస్" అన్నాడు.

"అది నాది. నేను సినిమా నటిని," అంది ఆవిడ ఇంగ్లీషులో, తలెత్తి.

అధికారి కేసెట్‌ని బల్ల మీది మిషన్లో పెట్టాడు. టీవీలో ఓ పడుచుపిల్ల అద్దం ముందు నిలబడి గౌను బొత్తాలు విప్పుతోంది. గడ్డం మీద పుట్టుమచ్చ. అదే మచ్చ ఈవిడ గడ్డం మీదా ఉంది. ఆ మచ్చ అధికారీ చూశాడు. చటుక్కున టీవీ కట్టేసి లేచి నిలబడ్డాడు.

"ఈ అమ్మ ఎదురుగా ఉండగా నేనిది చూడకూడదు," అని నాతో హిందీలో చెప్పి, కళ్లు దించుకునే కేసెట్ తిరిగిచ్చాడు. "యల్లా, వెళ్లండి."

బయటికొచ్చాక అధికారి అన్న మాట ఆవిడకి చెప్పాను. సంతోషిస్తుందనుకుంటే, ముఖం మాడిపోయింది.

"ముప్పై ఏళ్లు నటించాను. అందరికీ ఆ బొత్తాలే గుర్తు. నేను బాగా చేసింది ఆ తర్వాతి సీను. ఇతనైనా చూస్తాడనుకున్నాను."