మిరప గోతం కింద ఇంజను

ఆ శీతాకాలం అద్దంకి చుట్టుపక్కల ఎంత చలి పడిందంటే, మా షావుకారు గారి కారులో పెట్రోలు గడ్డకట్టుకుపోయింది. ఈ మాట ముప్పై ఏళ్ళకు పైగా చెబుతూ వచ్చాను. విన్నవాళ్ళలో ఒక్కరూ కాదనలేదు, వాళ్ళెవరికీ కారు లేదు కాబట్టి. ఇప్పుడు వీధికి పది కార్లున్నాయి, ఇక దాచి లాభం లేదు. పెట్రోలు గడ్డకట్టలేదు. మా మిరపచేల మీద పడే చలి ఎంతని? దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీసేస్తే వణుకు. అయితే ఆ కాస్త చలికే ఆ కారు చేసిన చప్పుడు మాత్రం నిజం.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. నేను ఒక మిరపకాయల షావుకారు గారి దగ్గర డ్రైవరుని. ఆయనకొక పాత తెల్ల కారు ఉండేది. వారానికి రెండు మూడుసార్లు ఆయన్ని గుంటూరు మిరప యార్డుకు తీసుకెళ్ళి తీసుకురావడం, వాళ్ళ అమ్మగారికి మొక్కు ఉన్నప్పుడు ఇంకాస్త ముందుకు పోయి పెదకాకాని గుడి దగ్గర దింపడం, ఇదీ నా ఉద్యోగం.

ధనుర్మాసం మొదలైన వారంలో ఒక పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొట్టాను. ఇంజను అందుకుంది. అందుకోగానే లోపల టిక్ టిక్ టిక్ అని మొదలైంది, ఎవరో కూర్చుని చిన్న సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు. రెండు నిమిషాలకు ఆ చప్పుడు పలచబడి, ఎక్కడికో పోయింది. గుంటూరు వెళ్ళి వచ్చాం, మళ్ళీ వినపడలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ టిక్ టిక్. నాలుగు ఊళ్ళకు వినపడిందని తర్వాత చెప్పుకున్నాను గానీ, నాలుగో ఇంటికి వినపడి ఉంటుంది. చిక్కేమిటంటే, మొదటి ఇల్లే షావుకారు గారిది.

నాకు భయం కంటే వింత ఎక్కువైంది. విరిగిన వస్తువు రోజంతా విరిగే ఉండాలి కదా. పొద్దున రెండు నిమిషాలు విరిగి, ఆ తర్వాత దానంతటది అతుక్కునే రోగం ఏమిటి?

అద్దంకిలో మాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. వెళ్ళేసరికి ఇంజను వేడెక్కి, చప్పుడు మాయమైపోయింది. నేను నోటితో టిక్ టిక్ మని చేసి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"పిస్టన్ కొట్టుకుంటోందండి," అన్నాడు. "ఇంజను దించాల్సిందే."

"నువ్వు నోటితో చేసిన చప్పుడుకి ఇంజను దించుతాడంట్రా వీడు," అన్నారు షావుకారు గారు తిరిగి వస్తూ. ఆ వెంటనే, "సోమవారం పొద్దున కొనేవాళ్ళు వస్తున్నారు. ఇచ్చేస్తా. కొత్తగా చిన్న కారు వచ్చిందిగా, అది తీసుకుంటా. దాన్ని తోలడానికి డ్రైవరు కూడా అక్కర్లేదంట," అన్నారు.

ఆ మాట ఆయన కిటికీలోంచి పత్తిచేలను చూస్తూ అన్నారు. నేను మటుకు రోడ్డునే చూశాను. అది గురువారం. సోమవారం లోపల ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టకపోతే కారుతో పాటు నేనూ గుమ్మం దాటాలి.

స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, మొదటి దెబ్బకే రోగం పట్టేశానని ఎన్నో టీకొట్ల దగ్గర చెప్పాను. స్క్రూడ్రైవరు పెట్టిన మాట నిజం. ఎక్కడ పెట్టినా అదే టిక్ టిక్ వినపడింది. ఒకచోట నా గుండె కొట్టుకోవడం కూడా వినపడింది.

చివరికి ఒక ఆలోచన వచ్చింది. రోగం చలిది అయితే మందు వెచ్చదనం. శుక్రవారం సాయంత్రం గుంటూరు నుంచి రాగానే, బానెట్ ఎత్తి, వేడి ఇంకా ఉండగానే ఇంజను మీద ఒక గోతం కప్పేశాను. మిరపకాయల షావుకారు ఇంట్లో గోతం అంటే ఏ గోతం ఉంటుంది? దులపాలని తెలుసు. దులిపితే తుమ్ములొస్తాయని దులపలేదు.

శనివారం పొద్దున షావుకారు గారి అమ్మగారు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. షావుకారు గారు మఫ్లర్ చుట్టుకుని వచ్చి నిలబడ్డారు. నేను గోతం తీసి పక్కన పడేసి బానెట్ దించబోయాను.

"ఉంచరా. చప్పుడు నేనూ సరిగా వింటా," అన్నారాయన.

సెల్ఫ్ కొట్టాను. టిక్ టిక్ టిక్. గోతం గీతం ఏమీ పనిచేయలేదు. నిమిషం గడిచిందో లేదో, ఇంజను మీద రాలిన కారప్పొడి వేడికి మాడడం మొదలైంది. ఆ ఘాటు మీకు తెలుసు. షావుకారు గారు దగ్గుతూ, మఫ్లర్ నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తారు. నేను కారు దిగి వేపచెట్టు పట్టుకుని దగ్గాను. అమ్మగారు మాత్రం కొంగు ముక్కుకి కట్టుకుని, ముగ్గుపిండి గిన్నె చేత్తో పట్టుకుని, ఇంజనులోకి తొంగి చూస్తున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్," అన్నారు నా దగ్గు తగ్గాక. "ఆ నల్లగొట్టం మొదట్లో ఎర్రపొడి ఎగురుతోందిరా. ఒక్కచోటే. టిక్కుమన్నప్పుడల్లా ఎగిరింది. ఇప్పుడు మానేసింది."

నేను వెళ్ళి చూసేసరికి చప్పుడూ లేదు, పొడీ లేదు. కానీ ఆవిడ కళ్ళను నమ్మాను. అరవై ఏళ్ళుగా పిండిని చుక్కతప్పకుండా వదిలిన మనిషి.

ఆదివారం పొద్దున షావుకారు గారిని బతిమాలి వాకిట్లోకి తీసుకొచ్చాను. ఈసారి అమ్మగారి గిన్నెలోంచి చిటికెడు ముగ్గుపిండి తీసి, పొగను సైలెన్సర్‌లోకి పంపే ఆ నల్లటి పోత ఇనుప గొట్టం మొదట్లో చల్లి, సెల్ఫ్ కొట్టాను. టిక్ అన్నప్పుడల్లా తెల్లపొడి ఫుఫ్ మని ఎగిరింది. గొట్టం ఇంజనుకి అతుక్కున్న చోట సందు ఉంది, గాలి అక్కడినుంచి తప్పించుకుంటోంది.

"కారం కూడా నువ్వు కావాలనే చల్లావట్రా?" అన్నారు షావుకారు గారు.

"కాక మరేంటండి," అన్నాను. అమ్మగారు ముగ్గులోకి వంగి నవ్వుకున్నారు.

అలాగే ముగ్గురం అద్దంకి వెళ్ళాం. మేస్త్రీ ఆదివారమని విసుక్కుంటూ వచ్చి, ఇంజను చల్లారాక గొట్టం మీద చెయ్యి ఆడించి, తల ఊపాడు. ఇంజను దించే మాట మళ్ళీ ఎత్తలేదు.

"వేడెక్కితే ఎందుకు ఆగుతుంది మేస్త్రీ?" అని అడిగాను. నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది.

"ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేయడం చూళ్ళేదా? కాలిస్తే ఇనుము సాగుద్ది. ఇదీ అంతే. చల్లగుంటే సందు, కాలితే సందు మూసుకుపోద్ది. సందు ముందునుంచీ ఉన్నదే. ఎండాకాలంలో ఇంజను ఎప్పుడూ పూర్తిగా చల్లారదు, అందుకే అప్పుడు మీకు వినపడలేదు." ఆ మాట అంటూనే ఆయన వేళ్ళు ఒకచోట ఆగాయి. "ఇక్కడ ఒక నట్టు లేదండి. ఎవరు విప్పారు దీన్ని?"

షావుకారు గారు నా వైపు చూశారు. నేను మేస్త్రీ గోడమీది క్యాలెండరు చదివాను.

"ఆ గుంటూరు రోడ్డు గతుకులకి మనిషి పళ్ళే ఊడతాయి, నట్టు ఊడదా?" అన్నారు అమ్మగారు వెనక సీట్లోంచి. ఆ సంగతి అక్కడితో తేలిపోయింది. మేస్త్రీ సందు మూసేలా కొత్త ప్యాకింగ్ వేసి, కొత్త నట్టు బిగించాడు.

సోమవారం పొద్దున కొనేవాళ్ళు వచ్చారు. షావుకారు గారు నన్ను సెల్ఫ్ కొట్టమని, మఫ్లర్ తీసి చెవులు రిక్కించి విన్నారు. ఇంజను గురక కూడా పెట్టకుండా తిరిగింది. "కారు ఇవ్వడంలేదు, కాఫీ తాగి వెళ్ళండి," అన్నారు వాళ్ళతో.

ఇక ఆఖరి నిజం. అంతకు ముందు ఎండాకాలంలో, పొగ ఎటునుంచి ఎటు పోతుందో చూద్దామని ఆ గొట్టాన్ని విప్పింది నేనే. తిరిగి బిగించాక ఒక నట్టు మిగిలింది. కారు బాగానే నడిచింది కాబట్టి, చేసినవాళ్ళే ఒకటి ఎక్కువ వేశారనుకుని డ్యాష్‌బోర్డు అరలో పడేశాను.

కారు బాగైన తర్వాతి వారం అమ్మగారిని పెదకాకాని తీసుకెళ్తుంటే, వెనకనుంచి మెల్లగా అడిగారు.

"అరలో నా వక్కల డబ్బా పక్కన ఒక నట్టు దొర్లుతూ ఉంటుందే, అదేంట్రా?"

"అదా అమ్మగారూ, స్పేరండి."

ఆవిడ ఒక వక్క నోట్లో వేసుకున్నారు.

"స్పేరుగానే ఉంచు," అన్నారు. "ఈసారి మాత్రం ఏదైనా విప్పాలనిపిస్తే నన్ను పిలువు. నేనూ చూస్తా."