యాకమ్మ చేతివి కాని సర్వపిండ్లు

2022 డిసెంబరు. రఘునాథపల్లికి దగ్గర్లోని ఒక ఊళ్లో, యాకమ్మ అవ్వ వాకిట్లో నిలబడి నేనొక అబద్ధం ఆడాను. ఆవిడ ఎదుటే, ఆవిడ పేరు మీదే ఆడాను.

నేను జనగామలో టూర్ గైడ్‌ని. మా ప్రాంతం చూడాలని వచ్చేవాళ్లను ఊళ్లలోకి తీసుకెళ్లి, ఇళ్లలో మా తిండి తినిపించి, మా ఆటపాటలు చూపించడం నా పని. ఎన్ని గంటలకు ఎక్కడుండాలో రాసుకునే పట్టికను మేం ఐటినరరీ అంటాం. అతిథులకు తన ఇంట్లో వండిపెట్టే మనిషి హోస్ట్. డెబ్బై దాటిన యాకమ్మ నా హోస్టులందరిలోకీ పెద్దది.

ఆ రోజు విశాఖపట్నం నుంచి పదకొండు మంది వచ్చారు. అందరూ బ్యాంకుల్లో రిటైరైనవాళ్లు. ఐటినరరీలో అవ్వ ఇంటికి నేను రాసింది ఒక్క గంట. ఆ తర్వాత నర్సింహులపేట దగ్గరి తండాలో లంబాడీ ఆడవాళ్ల ఆట, పొద్దుగూకేలోపు భూపాలపల్లి. చిక్కు సర్వపిండి దగ్గర వచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కారం కలిపి, సర్వ అనే లోతైన గిన్నె లోపల చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి, సన్నని మంట మీద కాలుస్తారు. ఒకటి తీశాక సర్వను నీళ్లతో చల్లార్చి గానీ రెండోది ఒత్తలేం. అవ్వ దగ్గరున్నది ఒకటే సర్వ. గంటలో తేలే పని కాదని, జనగామలో ఒక దుకాణం నుంచి పదకొండు సర్వపిండ్లు డబ్బాలో పెట్టించుకుని వచ్చాను.

"అవ్వా, పొయ్యి ముట్టియ్యకు. ఇవే పెడదాం," అన్నాను. పొద్దున్నే కలిపిన పిండి మీద బట్ట కప్పి ఉంది. అవ్వ ఆ బట్ట వైపు ఒకసారి చూసింది.

అతిథులు కూర్చున్నాక, "అవ్వ తెల్లవారుజామునే లేచి మీకోసం చేసింది," అని గొప్పగా చెప్పాను.

వాళ్లలో పెద్దావిడ సుశీలగారు ఒక ముక్క తిని, "మీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా!" అంటూ అవ్వ చెయ్యి పట్టుకున్నారు.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "గవి నా చేతివి గావు బిడ్డా. దుకాణంల కొన్నయి. గీ పిలగాడు తెచ్చిండు. లేనిది ఉన్నట్టు మొక్కించుకుంటే నాకు పాపం."

మూర్తిగారనే ఆయన పళ్లెం కింద పెట్టి, "ఏమయ్యా, డబ్బాలో సరుకు తినడానికి ఇంతదూరం రావాలా? మా వైజాగ్‌లో డబ్బాలు దొరకవా?" అన్నారు. నా పేరు పోతే పోయింది, అవ్వ నోరు విప్పకపోతే ఆవిడ మాట కూడా నా అబద్ధంలో కొట్టుకుపోయేదే కదా అనిపించింది.

అవ్వ లేచి పొయ్యి ముట్టించింది. "టైం అయితది అవ్వా," అన్నాను, అప్పటికీ సిగ్గు లేకుండా.

"గడియారం నీ చేతికున్నది కొడుకా, పొయ్యికి లేదు."

ఆ తర్వాతి మూడు గంటలంత సందడిగా నా వృత్తిలో ఎప్పుడూ గడవలేదు. నూనె చిటపటలాడగానే పదకొండు మందీ పొయ్యి చుట్టూ చేరారు. మొదటిది తీసి నాలుగు ముక్కలు చేస్తే, ఎర్రగా మాడిన అడుగు కోసం పోటీ పడ్డారు. "అది నాదండీ!" "మీరు ఇందాకే తిన్నారు!" పిండికి చిల్లులు పొడుస్తానని మూర్తిగారు కూర్చుంటే అవ్వ నవ్వింది.

"గట్ల పొడుస్తవేంది నాయినా? పగోడు దొరికిండా?"

సర్వ చల్లారేదాకా అవ్వ బతుకమ్మ పాట ఎత్తుకునేది, సుశీలగారు చప్పట్లు కలిపేవారు. నేను పక్కకెళ్లి తండాకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. "సాయంత్రమే రాండ్రి అన్నా, ఎండ తగ్గితే మంచిగ ఆడతరు," అన్నారు. భూపాలపల్లి ప్రయాణం మర్నాటికి మారింది. అందుకు ఒక్కరూ విసుక్కోలేదు. అతిథికి ఓపిక ఉండదని నాలుగేళ్లుగా నేను నమ్మింది తప్పు. ఓపిక లేనిది నాకే.

వాళ్లను రైలెక్కించిన మర్నాడు అవ్వ దగ్గరికి వెళ్లాను.

"తప్పయింది అవ్వా."

"ఇంతకుముందు గూడ గిట్లనే జేసినవా?"

దాచలేకపోయాను. దంతాలపల్లిలో ఒక ఇంట్లో రెండు గుంపులకు దుకాణంలో కొన్న సకినాలను, మా సంక్రాంతి పిండివంటను, ఇంట్లో చేసినవని పెట్టించాను.

"వాళ్ల ఫోన్లున్నయా?"

అవ్వ అరుగు మీదే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిజం చెప్పాను. కొందరు నవ్వేశారు. ఒకాయన కోప్పడి పెట్టేశాడు. చివరిగా ఫోను ఎత్తినావిడ మాత్రం, "మరి అసలువి ఎప్పుడు తినిపిస్తారు?" అని అడిగింది. అవ్వకు చెప్పాను.

"రమ్మను. పొద్దుగాలనే రావాలె."

అక్కడి నుంచి దంతాలపల్లి వెళ్లి ఆ ఇంటివాళ్లను కూడా క్షమించమని అడిగాను. ఫిబ్రవరిలో, ఫోనులో అలా అడిగినావిడ గుంపు మళ్లీ వచ్చింది. ఆ రోజు ఐటినరరీలో నేను రాసింది ఒకటే పేరు, యాకమ్మ ఇల్లు. దాని పక్కన గంటలు రాయలేదు.