మా హాల్లో మిక్సింగ్ లేని పెళ్లి

నా పేరు షాహుల్. గూడూరులో ఆ పేరు చెబితే ఏ షాహుల్ అని అడుగుతారు. వీడియో షాహుల్ అంటే మాత్రం కాస్త తల నెరిసినవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ నిఖాలకూ ఓణీల ఫంక్షన్లకూ చాలా ఏళ్లు నేనే భుజాన కెమెరా వేసుకుని తిరిగాను. తర్వాత గాల్లో ఎగిరే కెమెరాలొచ్చాయి. పెళ్లికి ముందే వధూవరులను సముద్రం ఒడ్డున పరిగెత్తించి తీసే కుర్రాళ్లొచ్చారు. వాళ్లతో సమానంగా ఇసకలో పరిగెత్తే ఓపిక నాకు లేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర చిన్న షాపు పెట్టుకుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాను. జనం కదలకుండా కూర్చుంటారు. నాకదే సుఖంగా ఉంది.

పనైతే తగ్గింది గానీ, మిషన్ల విషయంలో నా తెలివి తగ్గిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లోవాళ్లు అనుకున్నారు. దాన్ని రుజువు చేసుకునే అవకాశం కూడా వాళ్లకు నేనే ఇచ్చాను.

పాత పెళ్లి క్యాసెట్లన్నీ కరోనా రోజుల్లో పనిలేక హార్డ్ డిస్కులోకి ఎక్కించి పెట్టుకున్నాను. మిక్సింగ్ చేసి పాటలు కలిపిన పెళ్లిళ్లు ఒక ఫోల్డర్లో, కత్తిరించక ముందు తీసింది తీసినట్టు ఉన్న సరుకంతా ఇంకో ఫోల్డర్లో. ఆ రెండోదానికి ‘వేస్ట్’ అని పేరు పెట్టాను. హార్డ్ డిస్కులోకి ఎక్కాక కూడా క్యాసెట్లు మాత్రం బీరువాలోనే ఉండిపోయాయి. ఒకరోజు మా ఆవిడ జబీనా బీరువా తలుపు తీసి నిలబడింది.

“దుప్పట్లు పెట్టుకునే చోటు లేదు. వీటిని ఎవరన్నా చూస్తా ఉండారా?”

“చూస్తారు. మన హాల్లో టీవీకి ఒక మిషన్ తగిలిస్తా. బటన్ నొక్కితే ఏ పెళ్లి కావాలంటే ఆ పెళ్లి వస్తాది.”

“ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు మనకెందుకండీ?” అంది జబీనా. న్యాయమైన ప్రశ్నే. నేను విననట్టు హాల్లోకి వెళ్లిపోయాను.

ముందు నా పాత ఎడిటింగ్ కంప్యూటర్‌నే టీవీ పక్కన పెట్టాను. కొత్తది కొనకుండా పని జరిపించడంలోనే గొప్పతనం ఉందని నా నమ్మకం. స్విచ్ వేయగానే అది హోరుమంది. పక్కగదిలో కునుకు తీస్తున్న మా అమ్మ మస్తాన్‌బీ లేచి వచ్చింది.

“ఏంది నాయనా, ఇంట్లో పిండిమర పెట్టినావా?”

“టీవీ మిషన్ అమ్మా.”

“అయితే బొమ్మ చాల్లే. సౌండ్ తగ్గించు.”

తగ్గాల్సింది టీవీ సౌండ్ కాదు. కంప్యూటర్ ఫ్యాన్ హోరు. అది తగ్గదు. పిండిమరను మళ్లీ షాపుకు మోసుకెళ్లాను.

తర్వాత అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్ తెప్పించాను. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. దుమ్ము పడకుండా టీవీ వెనక, గోడకు ఆనించి, పైన జబీనా కుట్టిన గుడ్డ కప్పి భద్రంగా పెట్టాను. మే నెల. కాసేపటికి టీవీ మూలన ఎర్రటి థర్మామీటర్ బొమ్మ కనిపించింది. గూడూరు ఎండ ఎంతుందో కూడా చూపిస్తోందని మురిసిపోయి, అమ్మను పిలిచి మరీ చూపించాను.

“బయట ఎండగా ఉందని తెలుసుకోడానికి దీన్ని కొన్నావా?” అంది అమ్మ.

అంతలో టీవీ నల్లబడింది. తర్వాత ఫోన్లో వెతికి చదివితే తెలిసింది. ఆ బొమ్మ ఊరి ఎండది కాదు, బోర్డు వేడెక్కిందనే హెచ్చరిక. నేనేమో దాని మీద దుప్పటి కప్పాను.

“పాపం, దానికి జొరమొచ్చిందని చెప్పుకుంటే నీకు అర్థం కాలేదు” అంది అమ్మ.

చివరకు మిఠాయి పెట్టెంత ఉన్న మినీ కంప్యూటర్ ఒకటి కొన్నాను. అది చల్లగా, బుద్ధిగా ఉంది. ఇక సాఫ్ట్‌వేర్. రెండు రకాలు నా ముందున్నాయి. మొదటిది టీవీ పక్కనే కూర్చుని తనలో ఉన్నవాటిని చూపిస్తుంది. రెండోది సర్వర్. ఇంట్లో ఎన్ని టీవీలుంటే అన్నిటికీ, ఎన్ని ఫోన్లుంటే అన్నిటికీ వీడియోలు పంపుతుంది. మా ఇంట్లో టీవీ ఒక్కటే. మా అమ్మ ఫోన్లో బొమ్మలు కూడా రావు. అయినా సర్వర్ అనే మాట నాకు నచ్చింది. యూట్యూబులో ఎవరెవరో చెప్పింది విని, సగం అర్థమై, మిగతా సగం అర్థమైనట్టు తలూపి, రెండోదే ఎక్కించాను. షాపు పక్కన టీ అంగడి రూఫస్‌తో గొప్పగా చెప్పాను కూడా.

“మా ఇంట్లో సర్వర్‌ని పెట్టినా.”

“హోటల్ ఎప్పుడు తెరస్తా ఉండావు అన్నా?” అన్నాడు రూఫస్. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆరోజు టీ సగంలో వదిలి వచ్చేశాను.

సాఫ్ట్‌వేర్ నన్ను ఒక మాట అడిగింది. డిస్కులో ఏయే ఫోల్డర్లు చూడమంటారు అని. అన్నిటికీ టిక్ పెట్టాను. ఇవి సినిమాలా అని ఇంకో మాట అడిగింది. నేను మిక్సింగ్ చేసినవి కదా, అవుననే చెప్పాను. సినిమాలని నమ్మి అది నా ఫైళ్ల పేర్లను బట్టి ఇంటర్నెట్ నుంచి ఒక్కోదానికి ఒక్కో పోస్టర్ తెచ్చి అతికించింది. కోట ఊళ్లో తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘కోట బ్రైడ్’ అని నేను రాసుకున్న పెళ్లికి నోటి నిండా నెత్తురుతో, తెల్ల గౌను వేసుకున్న దయ్యం వచ్చింది. మా చిన్న చెల్లెలు నిఖాకు పొడుగు కత్తి పట్టుకున్న కిరాయి హంతకుడు వచ్చాడు. అమ్మ అప్పుడే రిమోట్ పట్టుకుని చెల్లెలు నిఖా వెతుకుతోంది.

“యా అల్లా! ఇదెవర్రా?”

“కంప్యూటర్ పొరబాటమ్మా.”

“దీన్ని ముందే చూసుంటే అల్లుణ్ణి మార్చుండేదాన్ని గదా!” అంది. ఆ అల్లుడంటే ఆమెకు మొదట్నించీ పడదు.

పోస్టర్లు మార్చడం నేర్చుకునే సరికి వేసవి గడిచిపోయింది. సీరియల్ పెట్టుకోవాలంటే ఇంతకుముందు ఒక బటన్ నొక్కే జబీనా, ఇప్పుడు షాపులో ఉన్న నాకు ఫోన్ చేసి అడుగుతోంది. ఇల్లు అంతా నా మీద కోపంగా ఉన్నప్పుడు, నా కళ ఏమిటో ఒకసారి చూపించి అందరి నోళ్లూ మూయించాలనుకున్నాను. దొరవారిసత్రం దగ్గర వరి పండించే విజయభాస్కర్‌ను, అతని భార్య కామాక్షిని ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. వాళ్ల పెళ్లి వీడియో నా జీవితంలో నేను చేసిన అన్ని మిక్సింగుల్లోకీ గొప్పది. కనీసం నా లెక్కలో.

భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. నేను బటన్ నొక్కాను. తామరపువ్వు విచ్చుకుని అందులోంచి కామాక్షి లేచింది. ఇప్పటికీ విమానం ఎక్కని విజయభాస్కర్ మంచుకొండల మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలంబ్రాలు గుండె ఆకారంలో తిరిగాయి. మొదటి నుంచి చివరిదాకా పాటల మీద పాటలు. ఒక్క మనిషి మాట వినబడదు. అదే నా పనితనం.

“బాగుంది అన్నా” అన్నాడు విజయభాస్కర్, ఫోన్ చూసుకుంటూ. కామాక్షి మర్యాదకు నవ్వుతూ మా గోడ గడియారం వైపు చూసింది. అమ్మ ఎప్పుడో గోడకు తల ఆనించేసింది.

నా మహాకావ్యం అయిపోయింది. మర్యాదగా అక్కడ ఆగిపోవాల్సిన సాఫ్ట్‌వేర్, వరసలో తర్వాత ఏముందో దాన్నీ తనంతట తానే మొదలుపెట్టింది. అన్ని ఫోల్డర్లకూ టిక్ పెట్టిన పుణ్యం. వచ్చింది అదే పెళ్లి. కానీ ‘వేస్ట్’లోది.

పాట లేదు. పందిట్లో జనం గోల, గిన్నెల చప్పుడు. పెళ్లికూతురి వైపు కెమెరా తిరుగుతుండగా అడ్డంగా ఒక పెద్దాయన ముఖం వచ్చి తెరంతా నిండింది.

“తిన్నావా వీడియో అబ్బాయ్? పో, ముందు తినిరా. పప్పులుసు చల్లారిపోతాది.”

“తింటాను సార్. కొంచెం పక్కకు జరగండి” అంది కెమెరా వెనక నుంచి నా గొంతు. ఆయన జరిగాడు. వెంటనే అదే గొంతు చిన్నగా, “ఏందబ్బా, ఈయన గోల” అంది. మైకు పక్కనే ఉంది కదా, స్పష్టంగా వినబడింది.

ఆయన కామాక్షి వాళ్ల నాన్న పద్మనాభయ్య. పోయి చాలా కాలమైంది. నేను రిమోట్ కోసం చాపంతా తడుముతున్నాను. చేతికి దొరికితే ఆపేద్దామని. దొరకలేదు. తెర మీద పద్మనాభయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి సన్నాయి వాయించే ఆయనను తిన్నావా అని అడుగుతున్నాడు. ఆయన నోట్లో సన్నాయి ఉంది, కళ్లతోనే లేదన్నాడు. తర్వాత ఎవరిదో ఏడుస్తున్న పసిపిల్లను, అటుపైన తాళి కట్టబోతున్న అల్లుణ్ణే అడిగాడు. పంతులుగారు కసురుకున్నారు.

విజయభాస్కర్ ఫోన్ పక్కన పెట్టేశాడు. నవ్వుతున్నాడు. కామాక్షి మాత్రం నవ్వడం లేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది.

“కామాక్షమ్మా, ఆపేస్తా. ఇది వేరేది, పొరబాటున...” అన్నాను.

“ఆపబాక అన్నా” అంది. “మా నాయన గొంతు మా దగ్గర యాడా లేదు. ఫొటోలుండాయి. మాట లేదు. ఎవురు కనబడినా ముందు ఇదే అడుగుతాడు, తిన్నావా అని. అదే మాట. అచ్చం అదే.”

జబీనా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. రిమోట్ జబీనా చేతిలోనే ఉంది. నేను చెయ్యి చాచినా ఇవ్వలేదు. ఆ టేపు ఆసాంతం చూశాం. అందులో నేను పద్మనాభయ్యను ఇంకా చాలాసార్లు పక్కకు జరగమన్నాను. అలా అన్నప్పుడల్లా కామాక్షి, “నువ్వే జరుగన్నా” అని టీవీలో ఉన్న నన్ను కసిరింది. చివరకు ఆయన నా భుజం పట్టుకుని లాక్కెళ్లినట్టున్నాడు. కెమెరా ఊగి, నేలా చెప్పులూ కనిపించి, ఒక అరిటాకు అంచు దగ్గర ఆగిపోయింది. కెమెరా ఆపడం మరచిపోయి నేను తింటున్నాను. పప్పులుసు బాగుందని రెండోసారి అడిగింది కూడా రికార్డయింది.

వెళ్లేటప్పుడు కామాక్షి ఆ టేపు కాపీ అడిగింది. తామరపువ్వుది కూడా ఇవ్వనా అన్నాను. “అది మీ దగ్గరే ఉండనీ అన్నా” అంది, నా మనసు నొచ్చకుండా.

ఆ కబురు ఆనోటా ఈనోటా పాకింది. ఇప్పుడు షాపుకు వచ్చేవాళ్లు అందరూ అడిగేది ఒకటే, మిక్సింగ్ చెయ్యనిది ఉందా అని. పాతికేళ్ల నా కళను ఒక్కరూ అడగలేదు. మొదట్లో రోషం వచ్చింది. తర్వాత నేనే కూర్చుని ఆ టేపులు వింటున్నాను. ముసలమ్మలు కోడళ్ల గురించి చెప్పుకునేవి, మగపెళ్లివారి అలకలు, వంటవాళ్ల కేకలు. వీటన్నిటి మీదా పాట ఎక్కించి పెట్టిన తెలివైనవాణ్ణి నేను.

మొన్న జువ్వలదిన్నె వెళ్లాను. అక్కడ పడవలున్న రాఘవమ్మక్క తన కొడుకు పెళ్లి టేపు కావాలని కబురు పెట్టింది. జబీనా కూడా చేపలు తెచ్చుకుందామని వెంట వచ్చింది. రాఘవమ్మక్క ఇంటి గోడకు పెద్ద టీవీ ఉంది.

“దీనికి ఏ మిషన్ తగిలించాల అబ్బాయ్? నువ్వు బాగా తెలిసినోడివంట గదా. నువ్వు చెప్పిందే కొంటాం” అంది.

ఇలా అడిగే మనిషి కోసం నేను ఎంతకాలంగా ఎదురుచూశానో నాకే తెలుసు. గొంతు సవరించుకున్నాను. బోర్డు సంగతి, మినీ కంప్యూటర్ సంగతి, సర్వర్ సంగతి వరసగా నాలుక మీదికి వచ్చాయి. ఆమె ముఖం చూశాను. జేబులోంచి చిన్న పెన్ డ్రైవ్ తీసి టీవీ పక్కన గుచ్చి, రిమోట్‌తో ఒకసారి నొక్కాను. పెళ్లి వచ్చేసింది.

“అంతేనా?” అంది రాఘవమ్మక్క.

“అంతే అక్కా.”

జబీనా నా వైపు చూసింది. చేపల సంచి పట్టుకుని బస్సు ఎక్కి కూర్చున్నాక, కిటికీలోంచి బయటకు చూస్తూ మెల్లగా అడిగింది.

“మరి మనకెందుకండీ ఆ పెట్టె?”