చమురు కంపెనీ వారి నీడ

గద్వాల దారిలోని ఆ రేకుల బస్ షెల్టర్ ఓ చమురు కంపెనీ దానం. దాని బోర్డుమీద లావుపాటి అక్షరాల్లో నీతిబోధ కూడా రాయించారు: ‘భూమి వేడెక్కుతోంది. మీ వంతుగా ఒక మొక్క నాటండి.’

పక్కన కూర్చున్నామె సీడ్ పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే కూలీ. అడిగితే చదివి వినిపించాను.

“ఎందుకు వేడైతుందో వాళ్లకు తెల్వదా సారూ?”

“వాళ్ల చమురు కాల్చడం వల్లేనని ఎప్పటినుంచో తెలుసు. ఒప్పుకుంటే గిరాకీ పోతుంది.”

“మా సీడ్ కంపెనోడు గూడ గంతే. ఎండకు పూత రాల్తే, మీరు మంచిగ అద్దలేదని మమ్ములనే తిడ్తడు.”

లేచి, బోర్డు కింద తుపుక్కున ఉమ్మి, ఎండలోకి పోయి నిలబడింది. బస్సు వచ్చేదాకా తిరిగి రాలేదు.

సిగ్గులేక నేను ఆ నీడలోనే కూర్చున్నాను.