పెద్దాచారి అడిగిన మాట

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, మా జేజినాయన వెంట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోయాను. జేజినాయన అంటే మా నాయనకు నాయన. ఆయనకు నంద్యాలలో బట్టల అంగడి ఉండేది. మా వీధిలో కొత్తగా కడుతున్న ఆంజనేయస్వామి గుడికి విగ్రహం చేయించే పని వీధిలో వాళ్లంతా ఆయనకే అప్పగించారు. విగ్రహం దాదాపు తయారైందని కబురొస్తే చూసి రావడానికి బయలుదేరాడు. నేనూ వస్తానని మొండికేస్తే, పరువు తీయనని నాతో మాట తీసుకుని వెంటబెట్టుకుపోయాడు.

దారి పొడుగునా ఆ శిల్పి గురించే చెప్పాడు. అందరూ ఆయన్ను పెద్దాచారి అంటారట. ఆయన చేతి విగ్రహం కోసం ఊళ్లకు ఊళ్లు కాచుకుని ఉంటాయట. కనపడగానే చేతులు జోడించి మొక్కాలని రెండుసార్లు చెప్పాడు. వింటూ వింటూ నేను మనసులో ఒక మనిషిని తయారు చేసుకున్నాను. తెల్ల పంచె, జరీ కండువా, వేళ్లకు ఉంగరాలు.

మేం చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. రోడ్డు పక్కన పొడుగాటి రేకుల కొట్టం. లోపలంతా ఉలి దెబ్బల చప్పుడు. నన్ను నీడన బల్ల మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, విగ్రహాన్ని తరలించేందుకు లారీ మాట్లాడదామని జేజినాయన రోడ్డు అవతలికి పోయాడు.

నాకు గొంతెండిపోయింది. కొంచెం దూరంలో ఒకాయన మోకాళ్ల పైకి లుంగీ ఎగగట్టి రాతి ముక్కలు గంపకెత్తుతున్నాడు. ఒళ్లంతా రాతి పొడి. కనురెప్పలు కూడా తెల్లబడి ఉన్నాయి.

"ఏయ్, నీళ్లు తేపో" అన్నాను. వినలేదనుకుని, ఇంకా గట్టిగా, "నిన్నే. చెవుడా?" అన్నాను.

మా సీమలో పెద్దవాళ్లను కూడా నువ్వనే అంటాం, దానికెవరూ ఏమీ అనుకోరు. అయితే ముందర ఒక అప్పా, ఒక అన్నా తప్పకుండా ఉంటుంది. ఆ రోజు నా మాటలో అది లేదు. మా వీధిలో మూటలు మోసేవాళ్లను కొందరు అట్లా కేకేయడం విని, అదే పెద్దరికమని నేను నేర్చుకున్నాను.

ఆయన గంప దించాడు. చేతులు కడుక్కుని, కుండలోంచి చెంబు ముంచి తెచ్చిచ్చాడు. నేను తాగి చెంబు కింద పెడితే వంగి తీసుకుపోయాడు.

కాసేపటికి లోపలి నుంచి ఒక పనివాడు వచ్చి, "పెద్దాచారీ, సామి మొగం ఒకపారి చూస్తావా?" అని ఆయన్నే పిలిచాడు. ఆయన లోపలికి పోయి ఉలి అందుకున్నాడు.

జేజినాయన కోపం సంగతి సరే, ఈయనకు కోపం వచ్చి విగ్రహం ఇవ్వనంటే? వీధిలో అందరూ ఎదురుచూస్తున్న గుడికి దేవుడు రాకుండా చేసింది ఫలానా వాళ్ల పిల్ల అంటారు. కూర్చోలేకపోయాను. లేచి ఆయన దగ్గరికి పోయి చేతులు జోడించాను.

"నువ్వు పెద్దాచారివని నాకు తెల్దు తాతా" అన్నాను. ఆపుకోలేక ఏడ్చేశాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. మొహంలో కోపం లేదు.

"తెలిసింటే ఎట్ల పిలుస్తాంటివి?"

"తాతా అని."

ఆయన కొట్టం మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక ముసలాయన గడ్డపారతో పెద్ద బండను మెల్లమెల్లగా జరుపుతున్నాడు. "ఆయన ఆచారి గాదు. రాళ్లు జరుపుతాడు. మరి ఆయన్నెట్ల పిలుస్తావ్?"

నేనేడ్చింది ఒక మనిషిని చిన్నబుచ్చినందుకు కాదు, పెద్దమనిషిని కూలీ అనుకున్నందుకు. ఇంత వివరంగా అప్పుడు తెలియలేదు గానీ, చెవులు మాత్రం వేడెక్కిపోయాయి.

"పో, ఆయనకు నీళ్లియ్యి" అన్నాడు పెద్దాచారి. "ఎండకు అందరికీ దప్పికైతాంది."

చెంబు నింపుకుని పోయి, "తాతా, నీళ్లు" అన్నాను. ముసలాయన గడ్డపార ఆపి, పిలిచింది తననేనా అన్నట్టు చూశాడు. తాగి, మిగిలిన నీళ్లతో మొహం తుడుచుకుని, "ఎవరి పాపవమ్మా?" అని అడిగాడు. తర్వాత రాతిని రుద్ది నునుపు చేస్తున్న ఆమెకిచ్చాను. ఆమెను అక్కా అన్నాను. అట్లా కుండకూ వాళ్లకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో, పావడా అంచు తడిసిపోయింది.

జేజినాయన తిరిగొచ్చాడు. విగ్రహాన్ని కళ్లారా చూసుకుని, పెద్దాచారికి దండం పెట్టి, "మా పిల్ల ఏమన్నా సతాయించిందా ఆచారీ?" అని అడిగాడు.

ఆయన నావైపు చూడనైనా చూడలేదు. "లేదప్పా. అందరికీ నీళ్లిచ్చింది" అన్నాడు.

అది అబద్ధం కాదు. అబద్ధం కాకుండా చేసింది ఆయనే. జేజినాయన మురిసిపోయి నా తల నిమిరాడు. ఒళ్లు దూదిలా తేలికైపోయింది. బస్సెక్కి కూర్చున్నదే తెలుసు, ఆయన భుజం మీద పడి నంద్యాల దాకా నిద్రపోయాను. వారం తిరగకుండా విగ్రహం మా వీధికి వచ్చింది. ఆళ్లగడ్డలో జరిగింది మాత్రం జేజినాయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులతో విసుగు ఎక్కువైంది, నోరు తొందరపడుతుంది. మెట్లు ఊడ్చే అమ్మాయినో, ఆటో నడిపే పిల్లవాడినో కసురుకోబోయి ఒక్క క్షణం ఆగుతాను. వీళ్లు చాలా గొప్పవాళ్లని రేపు ఎవరైనా చెబితే, ఈరోజు నేనన్న మాటకు నాకు సిగ్గేస్తుందా అని నన్ను నేనే అడుగుతాను. వేయదని తేలాకే నోరు తెరుస్తాను.